ఎర్రబోరు త్రోవకు ఏ చక్రము మేలు?

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరుచు, "విషయము మీ యిష్టము" అని సెలవిచ్చిరి. అట్టి స్వేచ్ఛ నొసగుట ఎంత ప్రమాదకరమో వారికి మరికొన్ని నిమిషములలో తెలియగలదు. నాకు ముందు మాటలాడిన మిత్రులు ప్రబంధనాయికల సౌకుమార్యమును వర్ణించి మిమ్ము రంజింపజేసిరి. నేను సైకిలు చక్రమును గూర్చి మాటలాడబోవుచున్నాను. చక్రము సాహిత్యసభకు తగనిదని మీరు భావింపరాదు. కర్ణుని రథచక్రము నేలలో క్రుంగకుండినచో భారతకథ ఏ దారి పట్టియుండెడిదో! అభిమన్యుడు ఆయుధములన్నియు పోయిన పిదప చేపట్టినదియు చక్రమే. కావున కొంచె మోపిక పట్టి వినుడు.

నా ప్రశ్న చిన్నది. విద్యుత్తుతో నడచు కొండ సైకిలునకు, అనగా నేటివారు ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు అని పిలుచుదానికి, అల్యూమినియము చక్రములు మేలా, కార్బన్ చక్రములు మేలా? ఈ ప్రశ్నకు నేను మొదట చెప్పిన జవాబు తప్పు. ఆ తప్పునకు మూల్యము చెల్లించినది నేను కాదు. అందువలననే దీనిని నలుగురిలో చెప్పవలెనని తోచినది.

ఎర్రబోరు అను గ్రామము మీలో కొందరికి తెలిసియే యుండును. జగదల్పూరునుండి దక్షిణముగా దర్భా ఘాటు దిగి, సుక్మా దాటి, దోర్నపాల్ దాటి కుంటకు పోవు పెద్దరోడ్డుపై నున్నది. పూర్వము ఆ రోడ్డు సంఖ్య 221, ఇప్పుడు 30. కుంట దాటినచో శబరి యొడ్డున మూడు రాష్ట్రములు కలిసికొనును. ఈ ప్రక్క ఛత్తీస్‌గఢ్, ఆ ప్రక్క ఒడిశాలోని మోటు, దిగువన మన చింతూరు. సీలేరు వచ్చి శబరిలో కలియునది కూడ అచ్చటనే. ఊరిపేరులోని మొదటి మాటయే మన చెవికి తెలుగై వినిపించును. దోర్లలు మాటలాడు భాషలో తెలుగు నీరువలె కలిసిపోయియుండును. సంతలో నిలిచినచో ఇప్పపువ్వు బేరమును, చింతపండు బేరమును తెలుగున చేయవచ్చును. 2006 జూలైలో అచ్చటి సహాయశిబిరముపై మావోయిస్టులు రాత్రివేళ జరిపిన దాడిలో ఇరువదియైదుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు ఆ ఊరిపేరు దేశమందలి పత్రికలన్నింటను పడినది. పత్రికలలో ఒకమారు అట్లు పడిన ఊరిని జనులు మరియొక విధముగా తలచుకొనుట కష్టము. కాని ఊరనగా ఒక రాత్రి మాత్రమే కాదు. అచ్చట బడి యున్నది, సంత యున్నది, సైకిళ్లు బాగుచేయు ముసలివా డొక డున్నాడు. నా ప్రసంగములో ముఖ్యపాత్ర అతడే.

మా తమ్ముని కుమారుడు ఆ ప్రాంతమున ఆరోగ్య కార్యక్రమములో క్షేత్ర కార్యకర్త. బస్తరులో మలేరియా సంగతి మీ కెరుకయే. 2020 జనవరిలో మలేరియాముక్త బస్తరు అను ఉద్యమము ఆరంభమైనది. జ్వరమున్నను లేకున్నను ఇంటింటికి పోయి రక్తము పరీక్షించుట అందలి పద్ధతి. ఒంటిలో క్రిమి యుండియు జ్వరము రాని వారుందురు. వారివలన దోమలద్వారా ఇతరులకు వ్యాధి వ్యాపించును. పరీక్షా పరికరము వ్రేలెడంత పట్టీ. ఒక బొట్టు రక్తము, పావుగంట నిరీక్షణ. పని సులభమే, త్రోవ సులభము కాదు. పెద్దరోడ్డు విడిచిన పిమ్మట ఎర్రమట్టి బాటలు, వాగులు, వాగులలో గుండ్రాళ్లు, కోసిన వెదురు మోళ్లు. మోటారు సైకిలు పోగల చోటున్నది, పోలేని చోటున్నది. పోలేనిచోట దానిని ఎత్తి దాటించుటకు ఇద్దరు కావలెను.

అందుచేత వాడు ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు కొనుక్కొనెను. జీతములో మిగిల్చుకొన్న సొమ్ము కొంత, తండ్రి యిచ్చినది కొంత. బరువు 24 కిలోలు. తొక్కుడు ఇరుసువద్ద మోటారు, చట్రములో 625 వాట్ అవర్ల బ్యాటరీ. మన మోటారు వాహన నిబంధనలలో 250 వాట్లకు లోబడిన శక్తియు, గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన వేగమును, బ్యాటరీ కాక 60 కిలోలకు మించని బరువును గల బండిని మోటారు వాహనముగా పరిగణింపరు. లైసెన్సు అక్కరలేదు. త్రొక్కినంతసేపు మోటారు తోడ్పడును. వాగువద్ద దిగి ఒంటరిగా దాటించుకొనవచ్చును. ఊరిలో కరెంటు ఉన్నపుడు రాత్రి తగిలించి ఉంచిన తెల్లవారుసరికి నిండును.

ఇచ్చట నేను ప్రవేశించితిని. నాకు యంత్రముల పిచ్చి కలదని నా ఇంటివారు చెప్పుదురు. బండితో వచ్చిన అల్యూమినియము చక్రములు నా కంటికి ఆనలేదు. కార్బన్ చక్రములను గూర్చి నెలరోజులు చదివితిని. చదివినకొలది మోహము హెచ్చినది. చివరకు వాని పుట్టినరోజుకు ఒక జత తెప్పించి పంపితిని. ఖరీదు చెప్పను, నా భార్య ఈ సభలోనే యున్నది.

నన్నంతగా ఆకర్షించిన పదార్థమెట్టిదో చెప్పుట నా ధర్మము. కార్బన్ పోగు అనగా శుద్ధమైన బొగ్గుదారము. 1880లో ఎడిసన్ వెదురు పోగులను బొగ్గుగా కాల్చి దీపపు బుడ్డిలో వెలిగించెను. అది కాంతి నిచ్చినదే కాని బలమైనది కాదు. బలమైన పోగునకు దారి చూపినవాడు అకియో షిండో అను జపాను శాస్త్రజ్ఞుడు. ఒసాకాలోని ప్రభుత్వ పారిశ్రామిక పరిశోధనాలయములో 1959 మొదలుకొని రెండేండ్లు, చలికాలపు స్వెట్టర్లకు వాడు అక్రిలిక్ నూలును క్రమముగా వేడిచేసి, గాలి తగులకుండ వేయి డిగ్రీలకు పైగా కాల్చి, పటిష్ఠమైన బొగ్గుపోగును సాధించెను. పిదప 1963 ప్రాంతమున ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమువారు దానిని ఇంకను దృఢపరచిరి. 1971లో జపానులోని టోరే సంస్థ వ్యాపార పద్ధతిపై తయారీ నారంభించినది. షిండోయు, ఫార్న్‌బరోవారును మనవంటి ప్రభుత్వోద్యోగులే యని గమనింప ప్రార్థన. ప్రభుత్వ కార్యాలయములలో ఏమియు జరుగదనువారికి ఈ మాట చెప్పవచ్చును.

ఈ పోగులను పట్టీలుగా పేర్చి, జిగురుతో అచ్చులో నొక్కి, ఉడికించినచో రిమ్ము సిద్ధమగును. సాంద్రత అల్యూమినియమునకు 2.7, ఉక్కునకు 7.85, ఈ కార్బన్ సమ్మేళనమునకు ఇంచుమించు 1.6. పోగులను ఏ దిక్కున పరచిన ఆ దిక్కున బలము చేకూరును. నేతగాడు చీర అంచున జరీ యెక్కువ పోసినట్లు, పుల్లలు దిగు రంధ్రములవద్ద రెండు పట్టీ లెక్కువ వేయవచ్చును. లోహమునకు ఈ సౌకర్యము లేదు.

అల్యూమినియము మన పొరుగింటి బిడ్డ. కోరాపుట్టులోని పంచపట్మలి కొండమీది బాక్సైటు దామంజోడిలో అల్యూమినా యగుచున్నది. కోర్బాలో బాల్కో 1965లో స్థాపితమైనది. శుద్ధమైన అల్యూమినియము మెత్తనిది. కొంచెము మెగ్నీషియము, కొంచెము సిలికాను చేర్చి, అచ్చులోనుండి పొడుగు కడ్డీగా త్రోసి, వలయముగా వంచి, కొసలు రెంటిని అతికించి రిమ్ము చేయుదురు. ఈ లోహమును తీయుటకు మాత్రము కరెంటు విపరీతముగా కావలెను. కిలోకు 13 మొదలు 15 యూనిట్లు. ఒక జత రిమ్ములలోని లోహమునకు పట్టు కరెంటుతో మావాని బ్యాటరీని ఇరువదియైదు సార్లకు పైగా నింపవచ్చును. అయిన నొకటి, విరిగిన అల్యూమినియమును కరిగించి మరల పోయుటకు మొదటి ఖర్చులో ఇరువదవ వంతు చాలును. విరిగిన కార్బన్ అట్లు కరుగదు.

వచ్చిన మొదటి మూడు నెలలును వాడు ఫోనులో చక్రములను పొగడని దినము లేదు. "పెదనాన్నా, బండి అనుకున్న చోటికే పోతోంది. రాయి తగిలినా పక్కకి జరగదు. ఇంతవరకు ఒక్కసారి కూడా బెండు తీయించలేదు." ఇది నిజమే. కార్బన్ రిమ్ము గట్టిది; పుల్లల బిగువు సడలనీయదు; వంకర పోదు. నేను కార్యాలయమున ఈ మాటలను పదిమందికి చెప్పుకొంటిని. విన్నవారిలో కొంద రిక్కడనే యున్నారు.

వర్షములు వెనుకపట్టిన తరువాత ఒక సాయంకాలము. ఎర్రబోరుకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపల నొక గూడెములో మూడు రోజులుగా ఒక పిల్లకు జ్వరమని కబురు వచ్చినది. వాడు పరీక్షా పట్టీలును, మందులును సంచిలో వేసికొని బయలుదేరెను. త్రోవలో వెదురు మోడు గ్రుచ్చుకొని వెనుక టైరులో గాలి దిగసాగినది. లోన పోసిన పాలవంటి జిగురు రంధ్రమును మూసినది గాని, అప్పటికే గాలి సగము పోయినది. చీకటి పడుచున్నదని వాడు పంపు తీయలేదు. అట్లే త్రొక్కుకొని వాగులోనికి దిగెను. గుండ్రాయి యొకటి టైరును నొక్కి తిన్నగా రిమ్మును తాకినది. తుపాకి ప్రేలినట్లు శబ్దమైనదట. ఆ ప్రాంతమున అట్టి శబ్దమునకు మనిషి ఎట్లు ఉలికిపడునో మీరే ఊహించుకొనుడు.

దీపము వేసి చూడగా రిమ్ము అంచున నూలుపోగంత గీత. దాని ప్రక్క రెండు పుల్లలు వదులై యున్నవి. గాలి నిలువదు. వ్రేలితో తడిమిన చోట విరిగిన కార్బన్ పోగులు గుచ్చుకొన్నవి. త్రొక్కినచో మొత్తము చక్రము కూలునో, కూలదో తెలియదు. లోహము వంగినచో ఎంత వంగినదో కంటికి కనబడును. కార్బన్ లోపలి పొరలు విడిపోయినది కంటికి కనబడదు. వాడు బండిని ఒక గుడిసెవద్ద విడిచి, సంచి భుజమున వేసికొని, కాలినడకను గూడెము చేరునప్పటికి రాత్రి చాల పొద్దుపోయినది. పరీక్షలో మలేరియా అని తేలినది. మం దిచ్చెను. పిల్ల కోలుకొన్నది. కాని వాడు చేరవలసిన వేళకును చేరిన వేళకును నడుమ మూడు గంటలు గడచినవి. ఆ మూడు గంటలు ఆ తల్లి ఏమి యనుకొనుచు కూర్చున్నదో నాకు తెలియదు. నేను కొన్న చక్రము మాత్రము వాగుగట్టున పడియుండెను.

మరుసటి ఆదివారము నేను బస్సెక్కి ఎర్రబోరు పోయితిని. వాడు నన్నొక్క మాటయు ననలేదు. అనినచో బాగుండెడిది. ఇద్దరమును చక్రమును పట్టుకొని ఆ ముసలి మేస్త్రీయొద్దకు పోయితిమి. రేకుల పందిరి, గాలిపంపు, నీళ్ల తొట్టి, దండెమున వ్రేలాడు పాత ట్యూబులు. అతడు చక్రము నెత్తి బరువు చూచెను. పిదప జేబులోనుండి రెండు రూపాయల నాణెము తీసి, రిమ్ముచుట్టు టకటక కొట్టుచు చెవి యొగ్గి వినెను. గీత వద్దకు రాగానే ఆ శబ్దము బొంగురు పోయినది. గీతకు నాలుగంగుళముల ఆవలగూడ బొంగురుగానే యుండెను.

"సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూడమా సారూ?" అని నవ్వెను. "ఇది పగిలింది ఇంత. లోపల చెడింది అంత."

విమాన కర్మాగారములలో ఇంజినీర్లు చేయు పరీక్షయు నిదియేనని నేను చదివియుంటిని. చదువక తెలిసికొన్నవానిని చూచుట అదియే మొదలు.

"బాగుచేయలేవా?"

"ఇనుమైతే కాలుస్తాను. అల్మీనమైతే కొడతాను. దీన్నేం చెయ్యాలి సారూ? కాలిస్తే మండుతుంది, కొడితే పగులుతుంది."

చక్రశాస్త్రమున ఇంతకంటె సంగ్రహమైన సూత్రము నే నెచ్చటను చదువలేదు.

కంపెనీ పేరు చెప్పుట అనవసరము. వారు పత్రములో వ్రాసినట్లే కొత్త రిమ్ము నుచితముగా పంపిరి, వారిని తప్పుపట్టను. కాని పగిలినదానిని పంపుట, ఫొటోలు తీయుట, జాబులు వ్రాయుట, కస్టమ్సు దాటుట, ఇవన్నియు ముగియుటకు పదివారములు పట్టినది. జీవితకాలపు పూచీ యని వారు వ్రాసినది అక్షరాల సత్యమే. పూచీ చక్రమునకే కాని చక్రముపై పోవు మందులసంచికి కాదు గదా.

ఆ పదివారములు బండితో వచ్చిన పాత అల్యూమినియము చక్రమునే వెనుకకు తగిలించిరి. తగిలించునపుడు మేస్త్రీ చెప్పిన సంగతు లిప్పుడు మీకు మనవి చేయవలెను. రిమ్మును గూర్చిన వాదములో మనము మరచిపోవునవి అవియే.

మన బండిచక్రమునకు కుండ, ఆకులు, పూటీలు, మీద ఇనుపపట్టా. బరువంతయు క్రింది ఆకుపై నిలుచును. సైకిలు చక్ర మట్లు కాదు. సన్నని తీగపుల్ల నిలువుగా ఏ బరువును మోయలేదు. అన్ని పుల్లలను ముందే లాగి బిగించెదరు. ఒక్కొక్కదానిలో నూరు కిలోలకు తగ్గని బిగువు. 32 పుల్లలు కలిసి మూడు టన్నులకు పైగా రిమ్మును లోనికి గుంజుచుండును. మనిషి ఎక్కినపుడు క్రింది పుల్లల బిగువు కొంచెము తగ్గును. ఆ తగ్గుటయే మోయుట. పుల్లలను హబ్బునకు తిన్నగా గాక ఏటవాలుగా అల్లుట 1874లో జేమ్స్ స్టార్లీ కనిపెట్టినది. త్రొక్కుడు బలము చక్రమునకు చేరునది ఆ యేటవాలు వలననే. మన పాత హెర్క్యులిస్, అట్లాస్ సైకిళ్లకు ముందు 32, వెనుక 40 పుల్లలుండెడివి. వెనుక నెక్కువ ఎందుకో ఇప్పుడు మీకు బోధపడియుండును. బియ్యపు బస్తాయు, త్రొక్కుడు బలమును రెండును వెనుక చక్రమునకే పడును.

ఇక మోటారు చేరినచో? మావాని బండి మోటారు తొక్కుడు ఇరుసువద్ద 85 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలమిచ్చును. ముందు పళ్లచక్రమునకు 34 పళ్లు, వెనుక పెద్ద చక్రమునకు 50 వేసికొన్నచో, గట్టెక్కునపుడు వెనుక హబ్బునకు చేరునది 125. అది మోటారుది మాత్రమే. మనిషి కాలిబలము దానికి తోడు. కావున విద్యుత్ సైకిలులో మొదట ఓడునది తరచు రిమ్ము కాదు. హబ్బులోని పట్టుకొక్కెములును, వెనుక పుల్లలును. రిమ్ము ఏదైనను, హబ్బు విద్యుత్ బండికని గట్టిగా చేసినదై యుండవలెను, పుల్లలు రెండు మిల్లీమీటర్లవై 32కు తగ్గకుండవలెను. పుల్ల తల వంపుగా నున్నదే కొనవలెను. నిటారు తల పుల్లలు చూచుటకు సొగసే, కాని విరిగినచో ఏ బజారులోను దొరకవు.

పుల్ల కొసనుండు మర నిపుళ్లు ఇత్తడివే కావలెను. ఇది మేస్త్రీ చెప్పినది కాదు, నేను నేర్చుకొన్నది. తేలికయని అల్యూమినియము నిపుళ్లను కార్బన్ రిమ్ములో వేయుదురు. నీరు తగిలినచో కార్బనును అల్యూమినియమును కలిసి చిన్న బ్యాటరీ యగును. అందు క్షయించునది అల్యూమినియము. ఎండుదేశములలో చెల్లునేమో! బస్తరు వానకాలమున ఆ నిపుళ్లు తెల్లని పిండియై రాలును. మాకు వచ్చిన చక్రములందు అవియే యుండెను. పగిలిన చోట గాక మరి నాలుగుచోట్ల పిండి కనబడినది.

ఇక తేలిక సంగతి. నన్ను మోహింపజేసినది అదియే గదా. కార్బన్ రిమ్ము 480 గ్రాములు, దానికి సరియైన అల్యూమినియము రిమ్ము 600. జతకు 240 గ్రాముల లాభము. చక్రపు అంచునందలి బరువు వేగమెత్తునపుడు రెండింతలుగా లెక్కకు వచ్చునందురు. సరే, 480 గ్రాము లనుకొందము. బండి, మనిషి, సంచి కలిసి నూరు కిలోలు. లాభము నూటికి అర కిలోకూడ కాలేదు. మూడువందల మీటర్ల గట్టు ఎక్కుటలో ఈ 240 గ్రాములవలన మిగులు శక్తి 0.2 వాట్ అవరు. బ్యాటరీలో మూడువేలవ వంతు. నేను పంపిన కానుక వానికి మిగిల్చిన దిది. నీళ్లసీసా సగము త్రాగి బయలుదేరినను ఈ లాభమే వచ్చెడిది. కాలిబలముతో మాత్రమే త్రొక్కు పందెగాండ్రకు ప్రతి గ్రామును లెక్కయే. 24 కిలోల మోటారు బండికి కాదు. ఈ లెక్క వేయుటకు ఒక కాగితము, ఒక పెన్సిలు చాలును. కొనకముందు నేను వేయలేదు.

కార్బన్ చక్రమునకు అన్యాయము చేయరాదు. స్కాట్లండుకు చెందిన డానీ మెకాస్కిల్ అను సైకిలు విన్యాసకుడు టైరులేని కార్బన్ చక్రముతో మెట్లమీద పదేపదే దిగుచు, దానిని విరుగగొట్టుటకు శ్రమపడినాడు. నేటి మంచి కార్బన్ రిమ్ము పెళుసు సామాను కాదు. మావాడును గాలి కొట్టుకొని పోయినచో పగిలెడిది కాదేమో. ఢిల్లీలోనో, హైదరాబాదులోనో ఉండి, ఆదివారములు కొండబాటలలో సరదాగా తిరుగువారు, ఊళ్లో దుకాణమున్నవారు, పగిలిన మరియొక బండి తీయగలవారు కార్బన్ కొనుక్కొనవచ్చును. దాని సుఖము నిజమైన సుఖమే. బండి గీత గీసినట్లు పోవును. కాని దుకాణమునకు దూరమున, ఒంటరిగా, ఒకరి జ్వరమునకు జవాబుదారియై పోవువానికి చక్రము పగులునా పగులదా అనునది రెండవ ప్రశ్న. పగిలినచో ఏమి చేయగలము అనునది మొదటిది.

ఆ మాఘమాసమున అల్యూమినియమునకును పరీక్ష వచ్చినది. వేరొక వాగులో, ఇంచుమించు అట్టి రాయే. ఈ మారు గాలియు సరిగానే యుండెను. అయినను రిమ్ము అంచు సొట్టపడినది. కార్బనైనచో ఆ దెబ్బకు చెక్కుచెదరక పోవునేమో, అట్లగుట సాధ్యమే. మావాడు అక్కడికక్కడే ట్యూబు వేసికొని, సొట్ట టకటకమనుచుండగా నెమ్మదిగా గూడెము చేరి, పని ముగించుకొని ఎర్రబోరుకు తిరిగివచ్చెను. మేస్త్రీ టైరు తీసి, టేకుచెక్క యొకటి ఆనించి, సుత్తితో ఐదారు దెబ్బలు మెల్లగా వేసి, చక్రము నెత్తిపట్టి త్రిప్పుచు బెండు తీసెను. అరగంట పట్టినది. ట్యూబు లేకుండ గాలి నిలుచునంత చక్కగా అంచు తిరిగి రాలేదు. ఆనాటినుండి ఆ చక్రమునకు ట్యూబే. మేస్త్రీ కూలి అరువది రూపాయలు. మావాడు నూరు ఇచ్చినచో నలుబది తిరిగి యిచ్చెను.

ఒకసారి సొట్ట తీసిన అల్యూమినియము అదేచోట మరల పడినచో చీలునని అతడే హెచ్చరించెను. కావున హైదరాబాదునుండి 32 రంధ్రముల అల్యూమినియము రిమ్ములు రెండు తెప్పించి, భద్రాచలము మీదుగా బస్సు పార్సెలులో పంపితిని. రెండింటికైన ఖర్చు నా పుట్టినరోజు కానుకలో చిన్న భాగము. ఒకటి మేస్త్రీ పందిరిలో వ్రేలాడుచున్నది. అతడు దానిని ఎవరికిని అమ్మడు. "డాక్టరుబాబు చక్రము" అని చెప్పునట. మావాడు డాక్టరు కాడని ఎంత చెప్పినను వినడు.

ముందు చక్రము సంగతి అడుగుదురేమో. అది నేటికిని కార్బనే. ముందు చక్రమునకు మోటారు బలము తగులదు, బరువు తక్కువ, దెబ్బ తక్కువ. బండిని తిన్నగా నడపుటకు దాని గట్టిదనము ఉపకరించును. నిపుళ్లు మాత్రము ఇత్తడివి వేయించితిమి. ముందొక లోకము, వెనుకొక లోకముగా బండి అర్ధనారీశ్వరమై తిరుగుచున్నది. చూచినవారు నవ్వుదురట. మావాడు టైరులో గాలి చూడక కదలుట మానెను. చిన్న పంపు సంచిలో మందుల ప్రక్కనే యుండును.

పదివారముల పిదప కంపెనీవారు పంపిన వెనుక కార్బన్ చక్రము మా యింటి వరండా గోడకు మేకున తగిలింపబడియున్నది. మా మనుమరాలు దానికి కాగితపు పూలు కట్టినది. ఇంతవరకు ఒక్క కిలోమీటరైన తిరుగలేదు. కొనదలచినవారెవరైన ఉన్నచో సభానంతరము నన్ను కలిసికొనవచ్చును. ధర విషయమున నా భార్యను సంప్రదింపవలెను.